లేని చెరువుకు జనరేటరు

మావగారి ముందు గొప్పకు పోయి నేను తెచ్చుకున్న ముప్పు చెబుతాను, వినండి. నవ్వితే నవ్వండి గానీ మా ఆవిడతో కలిసి మాత్రం నవ్వకండి. ఆవిడ ఒక్కతే చాలు.

పెళ్లయ్యాక మావగారు అవనిగడ్డ నుంచి మొదటిసారి మా నందివాడ వచ్చారు. ఆయన రొయ్యల చెరువుల ఆసామి. అల్లుడు దర్జాగా బతుకుతున్నాడని ఆయన అనుకోవాలని, అంతకు ముందురోజే ఏసీ బిగించాను. ఆయన కాళ్లు కడుక్కుని మంచమ్మీద కూర్చోగానే రిమోట్ నొక్కాను. కరెంటు పోయింది!

పెరట్లోకి పరుగెత్తి లైన్‌మన్ సత్యంగారికి ఫోన్ చేశాను.

"గాలి చూశారా అండీ? తీగలు రాసుకుని రవ్వలు పడితే దాళ్వా పంట కోసి వేసిన గడ్డివాములన్నీ అంటుకుంటాయి. గాలి తగ్గేదాకా ఇవ్వం. పొద్దున్నే మైకులో చెప్పాంగా!"

చెప్పే ఉంటారు. నేనప్పుడు ఏసీకి పసుపు బొట్లు పెడుతున్నాను.

"ఇక్కడ ప్రాణాల మీదికొచ్చిందండీ!"

"ఎవరికండీ?"

బుద్ధున్నవాడు అక్కడ ఆగేవాడు. నేను తెలివైనవాణ్ని.

"మా రొయ్యలకి! చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి, నీళ్లలో గాలాడక పైకి తేలుతున్నాయి!"

నాకు చెరువు కాదు గదా, చేపల తొట్టి కూడా లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆయనకు ఆ సంగతి తెలియదు.

"అయ్యయ్యో! లైను మాత్రం ఇవ్వలేనండీ, ఊరు తగలబడుద్ది. మీరు కంగారుపడకండి, నేను చూస్తా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఊరంతటికీ అతుక్కుంది. రొయ్య చస్తుందంటే మా వైపు పగవాడైనా పరుగెత్తుకొస్తాడు. పావుగంటలో ట్రాక్టరు మీద జనరేటరు, వెనకాలే ఐసు పెట్టెల వ్యాను, వలలు భుజాన వేసుకున్న పదిమంది మా వాకిట్లో దిగారు. ముందు సత్యంగారు.

"చెరువెక్కడండీ?"

ఆ గోలకు మావగారు బయటికొచ్చారు. సంగతి వినగానే చొక్కా విప్పేసి పంచె ఎగ్గట్టారు.

"చెరువుందని మాటమాత్రం చెప్పలేదేం అల్లుడుగారూ! ఇంకా నిలబడతారేంటి, పదండి! రొయ్య ఎంతసేపు ఆగుద్ది?"

పెద్దాయన నా చెయ్యి పట్టుకుని లాగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"చెరువు... లేదు మావయ్యగారూ. మీకు ఏసీ వేద్దామని..."

జనరేటరు తెచ్చినాయన తిట్టడానికి నోరు తెరిచాడు. సత్యంగారు మాత్రం పాపం ఇంకా ఆశ వదల్లేదు.

"మరి రొయ్యలండీ?"

మావగారు పంచె దించుకుని నా ముఖం తేరిపార చూశారు.

"ఒకటుంది లెండి. బారెడు మీసంతో మీ ఎదురుగానే నిలబడింది."

మర్నాడే మీసం తీయించేశాను. గాలికి కరెంటు తీస్తే చెమటతోనే స్నానం చేస్తాను గానీ, లేని రొయ్యలకు ఇంకెప్పుడూ ఆయాసం తెప్పించనని నందివాడ గడ్డివాముల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను.