ఫస్ట్ బేస్‌లో మార్త

మా చిన్నప్పుడు బేస్‌బాల్ ఆటలో బేస్ అంటే... ఇసుక నింపి కుట్టిన గోనెసంచి. బడి వెనకాల జీడితోటకీ కొబ్బరితోటకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో సంచులు పరిచి, మా డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదేవారు. వేసవి సెలవుల్లో పొద్దున్నే ఆట నేర్పే శిబిరం అన్నమాట. క్రికెట్ కాక ఇంకో బ్యాటు ఆట ఉంటుందని అప్పటిదాకా మా ఉద్దానం ఆడపిల్లలకి తెలీదు.

బంతి కొట్టిన అమ్మాయి మొదటి సంచి వైపు పరుగెత్తుకొస్తుంది. ఆమెకన్నా ముందే, సంచి మీద కాలు పెట్టి మనం బంతి పట్టేస్తే ఆమె అవుట్. ఆ మొదటి సంచి నాది. నేను పొడుగ్గా ఉండేదాన్ని... చేయి చాపితే చాలు, బంతి వచ్చి గ్లౌజులో 'టప్' మని పడేది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం.

కానీ మాస్టారు నన్నక్కడ ఉండనిస్తేగా! వారం తిరిగేసరికి అందరి స్థానాలూ మార్చేసేవారు. నన్ను తీసుకెళ్ళి క్యాచర్‌ని చేశారు... అంటే బ్యాటు వెనకాల గొంతుక్కూర్చుని, ముఖానికి ఇనప జాలీ తగిలించుకుని దుమ్ము తినడం. మా అసలు క్యాచర్ మార్తని నా సంచి దగ్గర నిలబెట్టారు. మార్త మా వీధి పిల్లే, నా ప్రాణస్నేహితురాలే... అయినా ఒళ్ళు మండిపోయింది.

"మాస్టారూ, నాను ఫస్ట్ బేస్ బాగా ఆడతన్నాను కదండీ... నన్నక్కడే ఉంచీయండి" అని బతిమాలాను.

"బాగా ఆడతన్నావు కాబట్టే మారుత్తన్నానమ్మా. అక్కడ నీకింకేటి నేర్పను?" అన్నారాయన.

శిబిరం చివర టెక్కలి పిల్లలతో ఆట. ఆ ఒక్క రోజుకి మాత్రం ఎవరి పాత చోటు వాళ్ళకే... ఫస్ట్ బేస్ నాకు, క్యాచర్ జాలీ మార్తకి. గెలిచిన జట్టుని రైల్లో విశాఖపట్నం తీసుకెళ్తారు. పలాస స్టేషన్లో రైళ్ళు చూడ్డమే గాని, ఎక్కిన మొహాలు కావు మావి. జట్టుకి తొమ్మిదిమంది ఉండాలి. పెళ్ళిళ్ళకీ, అమ్మమ్మగారి ఊళ్ళకీ, జీడిపప్పు ఒలిచే పనికీ పోయినవాళ్ళు పోగా... మిగిలింది సరిగ్గా తొమ్మిదిమందిమే. ఒక్కరు తగ్గినా రైలు లేదు.

ఆట ముందురోజు సాయంత్రం మార్తా నేనూ వాళ్ళ తోటలో రాలిన జీడిపిక్కలు ఏరి, రేకుడబ్బాలో వేసి ఎండుటాకుల మంట మీద కాల్చుకున్నాం. పిక్క పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే బొబ్బలే. కొట్టే ముందు చేతులకి బూడిద రాసుకోవాలని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మాకూ తెలుసు... కానీ మేం వాదనలో ఉన్నాం.

"ఎవుల సోటు ఆలకే ఉండాలే. వారానికో సోటైతే ఏదీ సరిగ్గా రాదు" అన్నాను నేను.

"ఒక్క సోటే నిలబడితే ఇసుగు రాదేటే? నాకైతే నీ సంచి కాడే బాగుంది" అంది మార్త.

"నా సంచి నీకెందుకే!" అని కస్సుమన్నాను.

అంతే, మార్తకి రోషం వచ్చేసింది. బూడిద మాటే మరిచిపోయి, సగం కాలిన పిక్కల్ని రాయితో టకటకా కొట్టేసి ఒలిచేసింది. అంత కోపంలోనూ పప్పు ఎక్కువ నాకే పెట్టింది పిచ్చిది.

తెల్లారేసరికి దాని కుడిచేతి వేళ్ళనిండా బొబ్బలు... టెక్కలి వెళ్ళేదాకా చేయి వెనక్కి దాచుకునే కూర్చుంది. మైదానంలో దిగాక ఇక దాగలేదు. "నా వల్లే అందరికీ రైలు పోయిందే" అని ఒకటే ఏడుపు. దాన్ని చూసి నాకూ ఏడుపొచ్చేసింది.

మాస్టారు చేయి పట్టుకుని చూశారు. కేకలేస్తారేమోనని హడలిపోయాం. "బంతి ఇసరలేవు. మరి పట్టగలవా?" అన్నారు.

"ఎడం సెయ్యి బాగుందండి..."

క్యాచర్ ప్రతి బంతీ పట్టి తిరిగి విసరాలి. ఫస్ట్ బేస్‌కి మాత్రం ముఖ్యంగా పట్టడమే పని, గ్లౌజు ఎడమచేతికే. నాకు వెంటనే అర్థమైంది. మాస్టారు నా వైపు చూసేలోపే ఆ జాలీ తీసి మొహానికి తగిలించుకున్నాను. "ఎల్లవే, నా సంచి కాడికి ఎల్లు" అన్నాను. మార్త వెక్కుతూనే నవ్వింది.

ఆట చివరికొచ్చేసరికి మేం ఒక్క పరుగు ముందున్నాం. మిగిలింది ఒక్క అవుట్. వాళ్ళ అమ్మాయి కొట్టిన బంతి దూరం పోకుండా నా ముందే పడింది. ఆమె పరుగందుకుంది... నేను బంతి తీసి, ఉన్న బలమంతా పెట్టి నా సంచి వైపు విసిరాను. మార్త ఎడమచేయి చాపింది.

'టప్'!

విశాఖలో చిత్తుగా ఓడిపోయాం లెండి. ఎవరిక్కావాలి! కిటికీ పక్కన మార్త, దాని పక్కన నేను... దారిపొడుగునా వేరుశెనక్కాయలు ఒలిచి దాని నోట్లో పెట్టాను. జీడిపప్పు మాత్రం ఇద్దరం ముట్టలేదు.

మొన్న మా మేనకోడలి ఆట చూడ్డానికి వెళ్ళాను. పిల్లలందరికీ ఎవరి గ్లౌజు వాళ్ళకుంది, ఎవరి చోటు వాళ్ళకుంది. "నేను ఫస్ట్ బేస్ ఒక్కటే ఆడతానత్తా, వేరేవి నాకొద్దు" అంది గర్వంగా. అచ్చం నాలాగే! చక్కగా ఆడింది కూడా... ముచ్చటేసింది.

కానీ నా చేతిలో బంతి పడిన చప్పుళ్ళు ఎన్నో మరిచిపోయాను. మార్త చేతిలో పడిన ఆ ఒక్క చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. ఈ పిల్లకి అది ఎవరు వినిపిస్తారో...

మీ చోట్లో మీ నేస్తం నిలబడిన రోజు మీకూ ఒకటుండే ఉంటుంది కదా... చెప్పండి, వింటాను.