మూడో బెల్లు

ఒక మనిషిని ఒక్కసారే అడిగాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇదే. వినడానికి ఇది తప్పులా ఉండదు. అందుకే దాచడం సులువైంది. దొంగతనం చేసినవాడికి కనీసం దొంగతనమన్న మాట ఉంటుంది. నేను చేసినదానికి పేరు కూడా లేదు. పేరు లేనిదాన్ని ఎవరి దగ్గర చెప్పుకోవాలి? మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీకు చెబుతున్నాను.

ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. సిబ్బంది వ్యవహారాలు చూసే ఇన్‌చార్జి పని కూడా నాదే. పాలవాడు ఏ రోజు రాలేదో, కూరగాయలకు ఎంతైందో పడుకునే ముందు రాసుకోకపోతే నాకు నిద్రపట్టదు. ఇలాంటివాడు తప్పు చేస్తే, పొరపాటున చేశాననే వెసులుబాటు ఉండదు.

మా బడిలో సుగుణ మేడం హిందీ చెప్పేవారు. పద్నాలుగేళ్ల సర్వీసు. మాలాగే నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబం. భర్త షేర్ ఆటో నడిపేవాడు. స్టాఫ్ రూములో ఎవరైనా మిఠాయి తెస్తే ఆమె మొదట వద్దనేవారు, రెండోసారీ వద్దనేవారు, మూడోసారి చెయ్యి చాపేవారు. ఆటల మాస్టరు దానికొక మాట కట్టాడు. "మేడమ్‌కు మొదటి బెల్లు ఇనపడది, రెండోది లెక్కకు రాదు. మూడో బెల్లుకే క్లాసు." ఆమె కూడా నవ్వి, "పిలిచిన ఎంటనే పోతే తిండికి మొకం వాచినోళ్లు అనుకోరా సార్?" అనేవారు.

నేనూ నవ్వాను. కానీ నాకు ఆ మాట కొత్త కాదు. మా అమ్మ కూడా చుట్టాల ఇంట్లో మూడోసారి చెయ్యి పట్టి కూర్చోబెడితే తప్ప పీట మీద కూర్చునేది కాదు. మా వాళ్లలో వద్దు అనేది జవాబు కాదు. మళ్లీ అడగడానికి అవతలివాళ్లకు ఇచ్చే అవకాశం. ఇది నాకు తెలుసు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు బాగా తెలుసు.

తర్వాత కరోనా వచ్చింది. బళ్లు మూతబడ్డాయి. కొన్నాళ్లు సగం జీతం ఇచ్చారు, ఆపైన అదీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్ల మీద దుమ్ము పేరుకుంది. హాస్టళ్ల గేట్లన్నిటికీ టు-లెట్ బోర్డులే. దేశం ఆదాయం ఎంత పడిపోయిందో టీవీలో గీతలు గీసి చూపించారు. దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం ప్రకటించిన మొత్తం కూడా చూపించారు. లెక్కల మాస్టర్ని కాబట్టి అందులో సున్నాలు లెక్కపెట్టాను. ఆ సున్నాలు ఏ దారిన పోయాయో తెలియదు. మా వీధి దాకా వచ్చేసరికి రెండో ఏడాది ఎండాకాలమైంది. ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, రేషన్ షాపులో ఇరవై ఐదు కిలోల సన్నబియ్యం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. నేను దాన్ని తక్కువ చేయను. ఆ బియ్యం తిన్నవాణ్ణి.

పేర్లు పంపవలసింది నేను. బడి యాజమాన్యం అంతకుముందు ప్రభుత్వానికి సిబ్బందిని తక్కువ చేసి చూపింది. ఆ సంఖ్యకు మించి పేర్లు పంపే వీలు లేకపోయింది. నా పేరుతో సహా అందరివీ సర్దాక ఒక్క చోటు మిగిలింది. ఇద్దరు ఉన్నారు. ఒకరు సుగుణ మేడం. రెండోవారు నా భార్య. బడి మూతపడటానికి నాలుగు నెలల ముందు ఎల్‌కేజీ పిల్లలకు చెప్పడానికి చేరింది.

పద్నాలుగేళ్లు ఒకవైపు, నాలుగు నెలలు ఒకవైపు. అది లెక్కే కాదు. కానీ మాకు మూడు నెలల కిరాయి బాకీ ఉంది. ఓనరు మెట్ల దగ్గర కనిపిస్తే నేను ఫోను చెవికి పెట్టుకుని దాటిపోతున్నాను. భయం అలా ఉండేది. భయాన్ని అడ్డం పెట్టుకుంటున్నానా? కావచ్చు. అప్పుడు అందరికీ భయమే. అందరూ నేను చేసింది చేయలేదు.

అడగకుండా ఆమె పేరు వదిలేస్తే అన్యాయమని నాకు నేనే చెప్పుకుని ఫోను చేశాను.

"మేడం, సర్కారు టీచర్లకు బియ్యం, రెండు వేలు ఇస్తదట. మీ పేరు రాయమంటరా?"

 "అయ్యో, మాకెందుకు సార్. అక్కరున్నోళ్లకు ఎవలకన్న రాయిండ్రి" అన్నారు.

"సరే మేడం" అన్నాను.

ఆమె ఏమంటారో ఫోను తీయకముందే నాకు తెలుసు. ఆ జవాబు కోసమే అడిగాను. అడిగానన్న నిజాన్ని దగ్గర పెట్టుకోవడానికి అడిగాను. ఆ రాత్రి, 'సుగుణ మేడంను అడిగాను, వద్దన్నారు' అని రాసుకున్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం లేకుండా ఇంత మోసం చేయవచ్చని నాకు అంతకుముందు తెలియదు.

రేషన్ షాపు ముందు టీచర్లమంతా మాస్కులతో నిలబడ్డాం. సగం ముఖం కనపడకపోవడం ఎంత మేలో ఆ రోజు తెలిసింది. మా ఇంటికి రెండు బస్తాలు వచ్చాయి. రెండో బస్తాకు జూలైలో పురుగు పట్టింది. నా భార్య మేడ మీద చీర పరిచి, వేపాకు కలిపి ఎండబోసింది. ఆ చోటు ఎవరిదో ఆమెకు తెలియదు. నేను పక్కన కూర్చుని పురుగులు ఏరాను. అప్పుడే ఆటల మాస్టరు ఫోనులో చెప్పాడు, ఎల్బీనగర్‌లో కిరాయి కట్టలేక సుగుణ మేడం వాళ్లు ఊరి బయట తుర్కయంజాల్ దాటి ఒక రేకుల గదిలోకి మారారని, ఆమె ఏదో గోదాములో ప్యాకింగ్ పనికి పోతున్నారని. నా చెయ్యి బియ్యంలో ఉంది. ఏరడం ఆపలేదు.

బడి తెరిచాక ఆమె రాలేదు. గోదాములో రోజుకూలీ వదులుకుని, జీతం ఎప్పుడిస్తారో తెలియని బడికి ఎవరొస్తారు? బోర్డు మీద ఆమె హిందీ అక్షరాలు గుండ్రంగా ఉండేవి. ఇప్పుడా పాఠం చెప్పే అమ్మాయి సెల్‌ఫోన్‌లో చూసి చెబుతుంది.

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపుకు వెళ్లాను. బిల్లు కౌంటరు వెనుక ఆమె ఉన్నారు. మనిషి సన్నబడ్డారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"సార్, మంచిగున్నరా? మిమ్ములను ఎన్నిసార్లు యాది చేసుకున్ననో."

తెచ్చిన బట్టలు కౌంటరు మీద పెట్టాను. ఆమే అన్నారు.

"గా కరోనాల నన్ను అడిగింది మీరొక్కరే సార్. నేనే వద్దన్న. మా ఆయన ఇంకా తిడ్తడు, నీ మర్యాద కుండల ఏసి వండుకోరాదా అని." నవ్వారు. "ఇప్పుడు బుద్ధొచ్చింది సార్. ఎవలేమిచ్చినా మొదటి బెల్లుకే లేస్తున్న."

ఐదేళ్లుగా ఆమె తనను తాను నిందించుకుంటున్నారు. నా తప్పును తన తప్పుగా మోస్తున్నారు, పైగా నాకు కృతజ్ఞత చెబుతున్నారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. కౌంటరు దగ్గర జనం ఉన్నారనుకున్నాను. జనం లేకపోతే చెప్పేవాణ్ణా?

ఆమెకు భోజనం గంట అయింది. బయట చాయ్ తాగుదామా మేడం అన్నాను. మూడుసార్లు అడగడానికి సిద్ధపడే అడిగాను. "పాండ్రి సార్" అని ఆమె వెంటనే చెప్పులు వేసుకున్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు.  ఆమె బిస్కెట్టు కూడా నేను అడగకుండానే తీసుకుని ముంచుకుని తిన్నారు. ఆమెలోంచి ఒక మర్యాద పోయింది. తీసింది నేను.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ మీ దగ్గర కూడా దాటవేశాను.

ఆ రోజు ఫోనులో నేను "సరే మేడం" అన్నాక మాట అక్కడితో అయిపోలేదు. ఫోను చెవి నుంచి దించుతున్నాను. ఎర్ర గుర్తు మీదికి నా వేలు పోతోంది. అప్పుడు ఫోనులోంచి, చాలా మెల్లగా, "సార్..." అని వినిపించింది. నొక్కాను. సరిగ్గా వినపడలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

వినపడింది.

ఈ ఒక్క మాట ఏనాడూ రాయలేదు. ఇప్పుడు రాశాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగడమంటే ఎన్నిసార్లో నాకు తెలుసు.