పడుకున్న పొద్దులు

ఆ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ఆయా కూర్చోకూడదు. కుర్చీలన్నీ రోగులవి, వాళ్ళ బంధువులవి. పదకొండేళ్ళు నిలబడి నిలబడి, మన ఆయాకు ఇంట్లో కుదురుగా కూర్చున్నా దొంగతనం చేసినట్టే ఉండేది. అలాంటి మనిషి పరుగు నేర్చుకోబోయింది, ఇక చూసుకోండి.

సర్కారు గార్డు ఉద్యోగాలు పడ్డాయి. పర్మినెంటు. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పది నిమిషాల్లో తిరగాలి. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. కుట్టుపని చేసే ఆడపడుచు కూడా దరఖాస్తు పెట్టింది.

ఆయా మొదటి అడుగు నుంచే పులి తరుముతున్నట్టు పరుగెత్తేది. ఆడపడుచు కబుర్లు చెబుతూ, మధ్యలో నడుస్తూ, రోజు విడిచి రోజు వచ్చేది. ఒళ్ళు దాచుకుంటే ఉద్యోగాలు రావని ఆయా దెప్పేది. ఆ పిల్ల నవ్వేసి, మర్నాడు పొద్దున ముసుగు తన్ని పడుకునేది.

నెల తిరిగేసరికి ఆయా తొమ్మిదిన్నర నిమిషాల్లో తిరిగేసింది. అక్కడ కాస్త ఆగితే సరిపోయేది. ఆగడం ఆవిడకెక్కడ వచ్చు? డ్యూటీ దిగి నేరుగా మైదానానికే పోయేది. మోకాలి కింద ఎముక సలపడం మొదలైంది. ఫిజియోథెరపీ గదికి రోగుల్ని తోసుకెళ్ళినప్పుడు ఆమె కుంటడం చూసి అక్కడి మేడమ్ పట్టేసింది. ఎముక నొక్కి చూసి, పది రోజులు పరుగు మాటే తలపెట్టొద్దంది. తర్వాత కూడా మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా మొదలుపెట్టమంది. ఆయా బుద్ధిగా తలూపింది. రెండు రోజులు ఆగింది. మూడో రోజు కాలికి గుడ్డ బిగించి కట్టుకుని పోయింది.

పరీక్షలో మూడు రౌండ్లూ ఆమే ముందు. నాలుగో రౌండులో కాలు మొరాయించింది. దాటిపోతూ ఆడపడుచు వెనక్కి చూస్తే, పొమ్మని ఆయా చెయ్యి ఊపింది. తను మాత్రం పది నిమిషాల పదకొండు సెకన్లకు గీత దాటింది. గార్డు ఉద్యోగం చేజారింది.

ఇంటికొచ్చాక ఆడపడుచే ఏడ్చింది. గెలిచినదానివి నువ్వేడిస్తే ఎలాగని అత్తగారు విసుక్కుంది. ఆయాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. అసూయ లేదంటే అబద్ధం. ఆ పిల్ల ఉద్యోగం మీద కన్నా, ఆ పిల్ల హాయిగా పడుకున్న పొద్దుల మీదే ఆమెకు ఎక్కువ అసూయగా ఉంది.

ట్రైనింగులో వెనకబడకుండా ఇక రోజూ పరుగెత్తుతానని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ అంది.

"రేపు వద్దు. పడుకో," అంది ఆయా. "నా వంతు కూడా నువ్వే పడుకో. నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది."