ఫ్రెంచి రాకుమారికి తోడు

నేను కువైట్‌లో పనిచేసిన ఇంట్లో ఏడేళ్ల పాప ఉండేది. వాళ్ల మేనత్త పారిస్ నుంచి ఆ పాపకు ఒక బొమ్మల పుస్తకం తెచ్చిచ్చింది. ఎప్పటిదో ఒక ఫ్రెంచి రాజు కూతురి కథ. పుట్టుక నుంచి పెళ్లి దాకా పేజీకొక రంగుల బొమ్మ, కింద నాలుగు వరుసల ఫ్రెంచి. అది చదవగలిగిన మేనత్త పుస్తకం చేతిలో పెట్టి తన దారిన తాను పోయింది. మిగిలింది నేను. కడప జిల్లాలో పదో తరగతి తప్పి, కువైట్‌లోని అర్దియాలో అంట్లు తోమడానికి వచ్చినదాన్ని.

చదవడం రాకపోతేనేం, బొమ్మలున్నాయి కదా. మధ్యాహ్నం అందరూ ఏసీ గదుల్లో పడుకున్నాక పాప పుస్తకం పట్టుకుని వంటింటి పక్కనున్న నా గదికి వచ్చేది. సగం అరబ్బీ, సగం తెలుగు కలిపి చెప్పేదాన్ని. వినేవాళ్లు ఊ కొట్టకపోతే నాకు కథ సాగదు, మా వైపు అంతే. అందుకని ముందు ఆ పిల్లకు ఊ కొట్టడం నేర్పాను. రెండేళ్లలో ఆ ఇంట్లో నాకు వినిపించిన తెలుగు ఆ ఒక్క అక్షరమే.

రాకుమారి సంసారాన్ని నేనే నిలబెట్టాను. రాజుకు వేట పిచ్చి, ఇంటి పట్టున ఉండడు. రాణి మంచిదే కానీ అత్త నోటికి భయం. పెళ్లికాని ముగ్గురు మేనత్తలు కిటికీ దగ్గర కూర్చుని కుట్టుపని చేస్తూ అందరి మీదా చాడీలు చెబుతారు. తమ్ముడు పుట్టాక రాకుమారిని ఎత్తుకునేవాళ్లే కరువయ్యారు. ఇదంతా బొమ్మల్లో ఉందా అంటే, చూసే కళ్లుంటే ఉంది. పెళ్లి బొమ్మ దగ్గర మాత్రం నాకు కడుపు మండింది. పెళ్లికొడుక్కి తలంతా తెలుపు.

"అయ్యో పాపా, ముసిలోనికిచ్చి చేసినారు గదా! వీళ్లకు కండ్లు ల్యావా?" అని రాజును తిట్టిపోశాను.

అటుగా వచ్చిన మామా, అంటే పాప వాళ్లమ్మ, బొమ్మ చూసి పడీ పడీ నవ్వింది. అది విగ్గట. దాని మీద తెల్లగా పిండి చల్లుకుంటారట. నెత్తిన పిండి చల్లుకునేవాళ్లకు పిల్లనెట్లా ఇచ్చారని అప్పుడూ నేను ఊరుకోలేదు.

చివరి బొమ్మలో రాకుమారి గుర్రపు బండెక్కి వేరే దేశానికి కాపురానికి పోతోంది. కోట గుమ్మం దగ్గర ఒక పనిమనిషి కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఈమె ఎందుకు పోవడం లేదు?" అని పాప అడిగింది.

మా వైపు కొత్త పెళ్లికూతురిని అత్తారింటికి ఒంటరిగా పంపరు. తెలిసిన ఆడమనిషి ఒకతె తోడు పోయి, పిల్ల కాస్త అలవాటు పడేదాకా ఉండి వస్తుంది. కాబట్టి నాకు అనుమానమే రాలేదు. "యాల పోదు? ఎనక ఇంగో బండి వస్తాంది. సామాన్లేసుకోని దాంట్లో పోతాది," అన్నాను. పాప తృప్తిగా పుస్తకం మూసింది.

ఆ ఆగస్టులోనే ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మా వీధి చివర ట్యాంకు నిలబడింది. షువైఖ్ రేవు వైపు పొగ లేచేది. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్, అంటే పాప తండ్రి, రొట్టెల కోసం పొద్దున పోయి ఎండ ముదిరాక వచ్చేవాడు. మూడు వారాలు చూసి, ఎడారి దారిన సౌదీకి పోదామని ఇంట్లోవాళ్లు తీర్మానించుకున్నారు.

కారులో మొగుడూ పెళ్లాం, పాప నాయనమ్మ, పాప, పాప తర్వాత పుట్టిన చంటిపిల్లలిద్దరు, నీళ్ల డబ్బాలు. నాకు చోటు లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. రెండేళ్లుగా తన దగ్గరే పెట్టుకున్న నా పాస్‌పోర్టు కఫీల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాంతో అర్థమైంది. నన్నూ తీసుకుపొమ్మని నేను అడగలేదు. కాదనిపించుకోవడం నాకు చేతకాదు.

పాప కారెక్కనంది. నా చున్నీ పట్టుకుని వదల్లేదు. గస్తీ సైనికులు తిరిగి వచ్చేలోగా వీధి దాటాలి. మామా వీధి చివరకు చూసి నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పు. నీ మాటే వింటుంది," అంది.

నేను నోరు తెరిచేలోపే పాప అడిగింది. "నువ్వు వెనక బండిలో వస్తావా?"

వస్తానన్నాను. సామాన్లు సర్దుకుని వస్తానన్నాను. అంతే, చున్నీ వదిలి కారెక్కేసింది. "యల్లా, యల్లా," అని తొందరపెడుతూ మామా తలుపు వేసింది. పాప ఏడవలేదు. కాస్త ఏడ్చినా నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరూ తినని అన్నం అలవాటు కొద్దీ గిన్నె నిండా వండేదాన్ని. ఐదో రోజు తాళం వేసి అబ్బాసియాలో మనవాళ్లను చేరుకున్నాను. గది నిండా తెలుగు మాటలే. అయినా నాకు దిక్కులేనట్టే ఉండింది. వాళ్లతోనే జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాను.

యుద్ధం అయిపోయాక మామాకు ఉత్తరంలో మా ఊరి ఫోన్ బూత్ నంబరు రాసి పంపాను. మామా ఫోన్ చేసింది. వీసా పంపుతాను, రమ్మంది. పాపను పిలవమన్నాను. రిసీవర్ పక్కన పెట్టిన చప్పుడు, దూరంగా ఏవో మాటలు.

"రానంటోంది. నీ మీద కోపం," అంది మామా తిరిగి వచ్చి. "సరిహద్దు దాటగానే కారు దిగి ఇసుకలో కూర్చుంది. నీ బండి రానిదే కదలనంది. సాయంత్రం దాకా చూసి, ఎత్తుకుని కారులో పడేశాం."

నన్ను వదిలేసి పోయిన వాళ్లమ్మానాన్నల మీద ఆ పిల్లకు కోపం లేదు. వస్తానని రానిదాన్ని నేనే. వీసా వద్దన్నాను. ఆ పిల్ల ముందు నిలబడే ముఖం నాకు లేదు.