వచ్చే ఏడాది గౌను

బుచ్చిరెడ్డిపాలెంలో ఇంట్లోనే బట్టలు కుడతాను. మొన్న జూన్‌లో మా వీధి గ్రేసమ్మ, పాపను నర్సరీలో చేర్పిస్తున్నానని యూనిఫాం గుడ్డ ఇచ్చింది. స్కూలు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆ పాపదే. తీరా ఖాళీ అయిన ఒక్క సీటూ అదే లిస్టులో వెనకున్న మా బాబుకిచ్చారు. మా పెద్దమ్మాయి అక్కడే చదువుతోంది, తోబుట్టువులకే ముందు ఇస్తారట. వద్దనలేకపోయాను.

మర్నాడు గ్రేసమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఇంకా కత్తెర పెట్టని గుడ్డ తీసి ఆమె చేతికివ్వబోయాను.

"తిరిగి ఇయ్యబాకక్కా, కుట్టు. కింద మడత మాత్రం ఎక్కువ పెట్టు. వచ్చే ఏడాదికి పాప పొడుగవుద్దిగా" అంది.

అలాగే కుట్టిచ్చాను. మా బాబు రోజూ స్కూలుకు వెళ్తున్నాడు. ఆ గౌను మడత విప్పే రోజు కోసం ఆమెకన్నా నేనే ఎక్కువ ఎదురుచూస్తున్నాను.