కాటా జబ్బార్ బిగించిన వెలుగు

మచిలీపట్నంలో కాటాలు బాగుచేయడంలో అబ్దుల్ జబ్బార్‌ది అందెవేసిన చెయ్యి. గిలకలదిండి రేవులో చేపల వేలం దగ్గర కాటా ముల్లు మొరాయించిందంటే ఆయనకే కబురు వెళ్ళేది. సామాను బాగుచేస్తే ఏ తేడా అయినా పోతుందని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ళలో ఎవరూ కాదనలేదు.

2003లో కూతురు జోయా కాదంది. డిగ్రీలో ఫిజిక్స్ చదివే ఆ పిల్ల అన్నం తింటూ, ఎలక్ట్రాన్ ఎక్కడుందో ఎంత కచ్చితంగా తేలితే, అది ఎటు ఎంత ఊపుతో పోతోందో అంత తేలకుండా పోతుందని చెప్పింది.

"ఎవరి సామానుతో చూశారంట?" అన్నాడు జబ్బార్.

"సామానుది కాదు తప్పు. ఎంత మంచిదాంతో చూసినా అంతే."

ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. మర్నాడు పనిముట్ల సంచీతో కూతురి కాలేజీకి వెళ్ళి, ఫిజిక్స్ చెప్పే రత్నకుమారి గారిని కలిశాడు.

"మేడమ్ గారూ, మీ దగ్గర ఏదో కొలతకి అందట్లేదంటగా. ఒకసారి చూపిస్తారా?"

ఆవిడ నవ్వలేదు. ఎలక్ట్రాన్‌ని చూపించలేను గానీ వెలుగుదీ అదే పద్ధతి అని, ల్యాబ్ కిటికీలు మూయించి, ఎర్రటి లేజర్‌ని ఒక సన్నని సందులోంచి గోడ మీదికి వేసింది.

"సందు సన్నబడేకొద్దీ వెలుగు ఎక్కణ్ణుంచి వెళ్ళిందో మనకి బాగా తెలుస్తుంది కదండీ. అప్పుడది పక్కలకి చెదురుతుంది."

జబ్బార్ సందు అంచులు వేలితో తడిమాడు. "తుప్పండీ. చెదరక ఏం చేస్తుంది?"

రెండు కొత్త షేవింగ్ బ్లేడ్లు, కంసాలి త్రాసులోని సన్నటి మర తీసుకుని, మర తిప్పేకొద్దీ సందు సన్నబడే సామాను చేస్తూ మూడు రోజులు కూర్చున్నాడు.

"చేపలవాళ్ళు గుమ్మంలో ఉన్నారు," అంది భార్య ఆమినా బీ.

"వాళ్ళది కిలోలో తేడా. ఇది లోకంలో తేడా. రేపు రమ్మను."

నాలుగో రోజు ల్యాబులో మర తిప్పాడు. గోడ మీద వెలుగు కాస్త సన్నబడింది. ఆయన జోయా వైపు గర్వంగా చూశాడు. ఇంకొంచెం తిప్పాడు. వెలుగు రెండు పక్కలకీ సాగింది. ఇంకా తిప్పితే బీరువా దాకా పాకింది. చేతిరుమాలుతో బ్లేడ్లు తుడిచి మళ్ళీ బిగించాడు. మళ్ళీ అంతే. పైగా వెలుగు మధ్యమధ్యలో నల్ల గీతలు లెక్కపెట్టేంత తేటగా పడ్డాయి.

"పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇంత బాగా నేనూ చూడలేదండీ," అంది రత్నకుమారి.

జబ్బార్ గోడ దగ్గరికి వెళ్ళి నల్ల గీతల్ని వేలితో లెక్కపెట్టాడు. "తేడా తీసేద్దామని బాగుచేస్తే ఇంకా బాగా కనపడుతోంది."

"అది తేడా కాదు జబ్బార్ గారూ. దాని నైజం."

"సామాను మటుకు బాగుందిగా?"

"చాలా బాగుందండీ."

దాన్ని కాలేజీకే ఇచ్చేశాడు. తర్వాత గుడివాడ కాలేజీవాళ్ళూ ఒకటి చేయించుకున్నారు. చేతికిస్తూ జబ్బార్ వాళ్ళకి గట్టిగా చెప్పాడు:

"వెలుగు చెదిరిందని నా దగ్గరికి తేవద్దు. చెదరకపోతే తీసుకురండి, చూద్దాం."