నెలపొడుపుకు తోడు

మేం యూదులమని మా నాన్న చెప్పేవాడు. గుంటూరు దగ్గర మా పేటలో పాతిక కుటుంబాలు అలా నమ్మేవి, శనివారం పొయ్యి వెలిగించేవి కావు. కాగితాల మీద మాత్రం అందరం క్రైస్తవులమే. అమావాస్య దాటి సన్నని నెలవంక కనిపించే రోజున మా అమ్మ సూది పట్టేది కాదు, బట్టలు ఉతికేది కాదు. అది ఆడవాళ్ళకి దేవుడిచ్చిన సెలవని అమ్మమ్మ చెప్పిందట. సాయంత్రం దీపం పెట్టి ఒక్కతే కీర్తన పాడుకునేది. నిజానికి అది నలుగురు ఆడవాళ్ళు కూర్చుని చేసుకోవాల్సిందనీ, తనకి ఒక్కరూ దొరకలేదనీ చెప్పి నవ్వేది.

కువైట్‌లో, రుమైథియాలో ఒక ఇంట్లో వంటకి చేరాక, రెండేళ్ళు నేనూ అలాగే ఒక్కదాన్నే పాడుకున్నాను, అదీ గొంతు దాటకుండా. యూదు అన్న మాట అక్కడ పైకి అనగలిగేది కాదు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో మా ఇంటావిడ, మేం మామా అని పిలిచే ఆమె, పిల్లలతో వేసవి సెలవులకి వేరే దేశంలో ఉంది. నాలుగో రోజున ఆమె భర్త నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, సామాన్ల గది తాళం ఇచ్చి, కారులో సౌదీ వైపు వెళ్ళిపోయాడు. పక్కింట్లో పనిచేసే కడప పిల్ల పరిస్థితీ అదే. ఇరవై రెండేళ్ళుంటాయి దానికి. పొద్దున్నే వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళం ఒంటిగా ఉండకూడదనీ, హవల్లీలో తనకి తెలిసిన కోనసీమ ఆవిడ ఉందనీ చెప్పింది. మామా వాళ్ళ చిన్నపిల్లాడి తోపుడు బండిలో బియ్యం, కందిపప్పు, నూనె డబ్బా పెట్టుకుని, పైన దుప్పటి కప్పి, నడిచి వెళ్ళాం. దారిలో ఒక సైనికుడు ఆపి దుప్పటి ఎత్తి చూశాడు. బిడ్డ ఉండాల్సిన చోట బియ్యం మూట చూసి, ఏమనుకున్నాడో, పొమ్మన్నాడు.

కోనసీమ ఆవిడ భర్త టీవీలు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం మూతపడింది కాబట్టి, ఇండియాకి పంపే బస్సుల సంగతి కనుక్కోవడమే ఆయనకి రోజంతా పని. ఆవిడ మమ్మల్ని ఇంట్లోకి తీసుకుంది, తన పరుపు మాకిచ్చి తను చాప మీద పడుకుంది. మన ఊళ్ళ వైపు అయితే నేను ఆవిడ హాల్లో కూర్చునేదాన్నే కాదేమో. ఇక్కడ ఆ ఆలోచన మా ఇద్దరికీ వచ్చింది, ఇద్దరం పైకి అనలేదు.

వంట అయిపోతే చేయడానికి ఏమీ ఉండేది కాదు. రెండేళ్ళలో మొదటిసారి నన్ను పిలిచే గంట లేదు. సాయంత్రాలు ముగ్గురం ఒకే గదిలో, ఎవరి భయంతో వాళ్ళం కూర్చునేవాళ్ళం. అమ్మకి దొరకని మనుషులు ఇక్కడున్నారు కదా అని నాకు అప్పుడనిపించింది.

ముందు మావాళ్ళనే వెతికాను. మా పక్క ఊళ్ళోని మావాళ్ళలో ఒకావిడ అక్కడి ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తోందని తెలుసు. నాకంటే పదేళ్ళు పెద్ద. రొట్టెల దుకాణం ముందు వరుసలో కనిపిస్తే పక్కన చేరి, నెలపొడుపు దగ్గరపడుతోంది, కలిసి కూర్చుందామా అని మెల్లగా అడిగాను. ఆమె నా వైపు తిరగలేదు.

"అమ్మాయ్, నువ్వెవరో నాకు తెలియదు. నేను శనివారాలు మానేసి చాలా ఏళ్ళయింది. మళ్ళీ నా దగ్గర ఆ మాట ఎత్తమాక" అంది.

రొట్టె తీసుకోకుండానే, నా వెనక నిలబడ్డ కడప పిల్లని దాటుకుని వరుసలోంచి వెళ్ళిపోయింది. ఆమె నోటి దగ్గరి రొట్టె నేనే పోగొట్టానని ఆ రోజంతా బాధపడ్డాను.

ఇంట్లోవాళ్ళని మరోలా అడిగాను. నెలవంక కనిపించే రోజు ఆడవాళ్ళం దీపం పెట్టుకుని పాడుకునే అలవాటు మా ఇంట్లో ఉందనీ, ఆ రోజు పని ముట్టకూడదనీ మాత్రం చెప్పాను. కోనసీమ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ముందు రోజే వాళ్ళకి పోలాల అమావాస్యట, పిల్లల కోసం తల్లులు చేసే పూజ. ఆవిడ పిల్లలిద్దరూ అమలాపురంలో తాతగారింట్లో ఉన్నారు. పూజకి కంద మొక్క కావాలి, ఈ ఎడారిలో ఎక్కడ దొరుకుతుందని కుమిలిపోతోంది. నా దీపం దగ్గరే వాళ్ళ పేర్లు కూడా చెప్పుకుంటానంది. కడప పిల్ల ఒక్కటే అడిగింది.

"ఆ పొద్దు నిజంగా పనే చేయగూడదా? ఇంత మంచి దేవుడు మాకేల తెలీలేదక్కా?"

మెట్ల ఎదుటి ఇంట్లోంచి మరో ఇద్దరిని అదే పిలుచుకొచ్చింది. దేవుడి గురించి కాదు, సెలవు గురించి చెప్పి.

ఆ సాయంత్రం అయిదుగురం కూర్చున్నాం. వత్తి అందుకున్నాక నా చెయ్యి ఆగిపోయింది. వీళ్ళని దేనికి పిలిచానో చెప్పకుండా కూర్చోబెట్టడం మోసమనిపించింది. మేం యూదులమని చెప్పేశాను. వీధిలో సైనికులున్నారు, ఎవరి చెవినైనా పడితే ఈ ఇంటికే ముప్పు, ఇష్టం లేనివాళ్ళు లేచి వెళ్ళొచ్చు అన్నాను. కోనసీమ ఆవిడ లేచింది. వెళ్ళిపోతోందనుకున్నాను. వెళ్ళి కిటికీ మూసి, వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఆ మాట ఈ గది దాటదండి. పొద్దుపోతోంది, దీపం పెట్టండి" అంది.

పెట్టాను. వాళ్ళెవరికీ కీర్తన రాదు, నా వెనక పదం పదం పలికారు. కడప పిల్ల సగం మాటలు మార్చేసింది. నేను దిద్దలేదు.

తర్వాతి నెలపొడుపు మాకు కొత్త సంవత్సరం. ఆ పూట తినాల్సిన తేనె లేదు, ఖర్జూరాల మీద పంచదార చల్లి పళ్ళెంలో పెట్టాను. దీపం పెట్టబోతుంటే తలుపు తట్టారు. కోనసీమ ఆవిడ భర్త తలుపు తీస్తే ఆస్పత్రి అక్క నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకుని. కడప పిల్ల నెల రోజులుగా రొట్టెల వరుసలో ఆమెకి చోటు పట్టి ఉంచుతోందనీ, రోజూ ఒకే మాట చెబుతోందనీ నాకప్పుడే తెలిసింది. మా అక్క ఒక్కతే పాడతాంది, మాకు మాటలు రావు, నువ్వన్నా వచ్చి తోడు పాడు అని.

"నీ మీద కోపంతో కాదు అమ్మాయ్, భయంతో అట్టా అన్నాను" అంది ఆస్పత్రి అక్క. "రొట్టె తింటున్నా ఆ పిల్ల మాటే గుర్తొచ్చేది."

ఆమెకి కీర్తన మొత్తం వచ్చు. నేను మరిచిపోయిన చరణం కూడా వచ్చు. రాగం మాత్రం వేరు. ఇద్దరం ఎవరి రాగం వాళ్ళం వదలకపోతే, మిగతావాళ్ళు ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయారు. కడప పిల్ల నవ్వడం మొదలుపెడితే ఆస్పత్రి అక్క కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వారానికల్లా బస్సులు కుదిరాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్ళి, అక్కడ గుడారాల్లో రోజులు గడిపి, విమానంలో బొంబాయి చేరాం. దారంతా కోనసీమ ఆవిడ మమ్మల్ని విడిపోనివ్వలేదు. జాబితాలో పేర్లు వేరు చేస్తే, వీళ్ళు నా చెల్లెళ్ళని చెప్పి పక్కనే రాయించింది. బొంబాయి స్టేషన్లో ఎవరి రైలు వాళ్ళకి దొరికింది. కడప పిల్ల ఏడుపు ఆపుకోలేక నా సంచీ మోసుకుంటూ మా పెట్టెలోకే ఎక్కేసింది, కదిలే ముందు దింపాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక అది మళ్ళీ అదే ఇంటికి పనికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

ఆస్పత్రి అక్కా నేనూ ఒకే రైల్లో వచ్చి గుంటూరులో దిగాం. మా పేటలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళని పిలిచాం. ఎవరికీ భయం లేదు, ఎవరికీ తీరికా లేదు. మొదటి నెల మేమిద్దరం, అమ్మ. అమ్మ ఆ రోజు ఏమీ పాడలేదు, మా ఇద్దరి మధ్య కూర్చుని వింటూ ఉండిపోయింది. మూడో నెలకి మా పిన్ని తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది.